ముక్కచెక్కకూ ఒక లెక్క

చిన్న పటాల దుకాణంలో నష్టం గల్లాపెట్టెలో కనిపించదు. మూలన పడిన చెక్కముక్కల్లోనూ, యజమాని మరచిపోయిన మాటల్లోనూ అది దాగి ఉంటుంది. దానిని వెలికితీసే సాధనాలు రెండున్నాయి.

ఖర్కాయి నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్, మరో ఒడ్డున ఆదిత్యపూర్. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ నీడలో మొదటి పట్టణం పెరిగితే, ఆ పరిశ్రమలకు కావలసిన విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న కర్మాగారాలతో రెండవది పెరిగింది. ఇనుమును కోయడం, తొలచడం, సానపట్టడం, వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచి పంపడం ఈ ఊరికి వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడి కర్మాగారంలో పది మరచీలలు పాడైతే, ఎందుకు పాడయ్యాయో సాయంత్రంలోగా ఎవరో ఒకరు కాగితం మీద జవాబు రాయవలసిందే.

ఇటువంటి ఊళ్లో పటాలు కట్టే ఒక చిన్న దుకాణాన్ని ఊహించుకోండి. గోడ నిండా ఫ్రేముపట్టీల నమూనాలు, మధ్య ఒక బల్ల, దాని మీద రంపం, అద్దం కోసే కత్తి, సన్నమేకుల డబ్బా. మూలన నిలబెట్టిన ముక్కల మోపు. ఇక లెక్కలంటారా, అవి కొంత గోడమీద పెన్సిలుతోనూ, కొంత చిట్టా పుస్తకంలోనూ, అధికభాగం యజమాని తలలోనూ ఉంటాయి.

పనికి కొరత లేదు. సెప్టెంబరు 17న వచ్చే విశ్వకర్మ పూజకు కర్మాగారాలన్నిటికీ పటాలు కావాలి. మార్చి 3న జంషెడ్జీ టాటా జయంతి. 1839లో జన్మించిన ఆ మహనీయుని చిత్రపటాలకు అప్పుడు గిరాకీ. నాణ్యతా ధ్రువపత్రం అందుకున్న కర్మాగారం దానిని అద్దం వెనుక చూసుకోవాలనుకుంటుంది. అదే జిల్లాలోని సరాయికేలా ఛౌ నృత్యపు మాస్కును లోతైన పెట్టెచట్రంలో బిగించి ఇమ్మని ఒకరు వస్తారు. పని వెతుక్కుంటూ తరతరాలుగా ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఎంత ఆత్మీయమో, ఇంటి గోడమీది వేంకటేశ్వరుని పటమూ, అమ్మమ్మ ఫొటోయూ అంతే ఆత్మీయం. వాటిని కట్టేదీ ఇటువంటి దుకాణమే.

ఉదయం తొమ్మిదికి తలుపు తీస్తే రాత్రి తొమ్మిదికి మూసే ఆ యజమానిని ఒక్క ప్రశ్న అడగండి: “నిన్న కట్టిన పటాల్లో దేనిమీద ఎంత మిగిలింది?” సమాధానం సాధారణంగా ఒక చిరునవ్వే. నెల చివర గల్లాలో ఏదో మిగిలితే లాభమనీ, మిగలకపోతే రోజులు బాగాలేవనీ ఆయన అనుకుంటాడు. కాని రోజులను నిందించే ముందు కొలబద్దను అడగడం మంచిది.

లాభం దాక్కునే చోటు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ధరలు ఊరిని బట్టీ, సరుకును బట్టీ మారుతాయి కనుక ఇక్కడి అంకెలను కేవలం లెక్క కోసం చెప్పినవిగానే భావించాలి.

16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ఉన్న చిత్రం వచ్చింది. దానికి అంగుళంన్నర వెడల్పు పట్టీ కావాలన్నారు. నాలుగు వైపులూ కలిపితే 72 అంగుళాలు, అంటే 6 అడుగులు. పట్టీ అడుగు 60 రూపాయలు. కాబట్టి 360 రూపాయలని యజమాని మనసులో వేసుకుంటాడు. అద్దానికి 100, వెనుక అట్టకు 60. మొత్తం 520. గిరాకీదారునికి 700 చెప్పి, 180 మిగిలిందని సంతోషిస్తాడు.

ఇప్పుడు రంపం వైపు చూడాలి. చట్రం మూలలు కలవాలంటే ప్రతి పట్టీనీ రెండు కొసలా 45 డిగ్రీల వాలుగా కోయాలి. బొమ్మ చుట్టుకొలతకు తోడు, ప్రతి మూలకూ రెండేసి పట్టీల వెడల్పు అదనంగా పడుతుంది. నాలుగు మూలలకు ఎనిమిది వెడల్పులు. అందుకే చుట్టుకొలతకు పట్టీ వెడల్పును ఎనిమిది రెట్లు చేసి కలపాలన్నది ఈ వృత్తిలో పాతకాలపు సూత్రం. చిత్రం అంచు పట్టీ గాడిలోకి దూరినందువల్ల కలిసివచ్చేదీ, రంపం పొట్టుగా తినేసేదీ ఈ సూత్రంలో ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఇక్కడ ఎనిమిది అంగుళంన్నరలు 12 అంగుళాలు. కావలసింది 6 అడుగులు కాదు, 7 అడుగులు. ఖర్చు 360 కాదు, 420.

తరువాత మేకులు, కొక్కెం, అంటుకాగితం, చుట్టి ఇచ్చే అట్ట. వీటికి 20 రూపాయలు. ముప్పావుగంట శ్రమకు, గంటకు 120 చొప్పున, 90. దుకాణం అద్దె, కరెంటు వగైరాలు నెలకు 12,000 అనుకుని, నెలకు 200 పటాలు కడితే, పటానికి 60. అన్నీ కూడితే 750 రూపాయలు. 180 లాభమనుకున్న చోట నిజానికి 50 నష్టం.

కథ ఇంకా ముగియలేదు. పట్టీ 10 అడుగుల కడ్డీగా వచ్చిందనుకుంటే, 7 అడుగులు కోశాక 3 అడుగులు మిగిలాయి. వాటి ఖరీదు 180 రూపాయలు. యజమాని లాభమనుకున్న మొత్తం ఎక్కడికీ పోలేదు. అచ్చంగా అంతే విలువగల ముక్క మూలనున్న మోపులో చేరింది. దానిని వాడితే సొమ్ము, మరచిపోతే వంటచెరకు.

ఆ యజమానికి కూడికలు రాక ఇలా జరగలేదు. బల్ల దగ్గర మనిషి నిలబడి ధర అడుగుతుండగా ఇన్ని అంశాలను క్షణంలో గుర్తుచేసుకుని కూడటం ఎవరికైనా కష్టమే. ఆ కష్టాన్ని ఒక్కసారి పడి, మళ్లీ పడనవసరం లేకుండా చేసేదే స్ప్రెడ్‌షీట్.

నల్లబల్ల మీద పుట్టిన ఆలోచన

1978లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి ఉండేవాడు. తరగతిలో నల్లబల్ల మీద అడ్డువరుసలు, నిలువువరుసలు గీసి వ్యాపార లెక్కలు చెప్పడం అక్కడ పరిపాటి. ఒక అంకె తప్పని తేలితే దానిమీద ఆధారపడిన అంకెలన్నిటినీ ఒకటొకటిగా చెరిపి తిరిగి రాయవలసివచ్చేది. ఒక గడిని మారిస్తే మిగతా గడులు వాటంతట అవే మారిపోయే నల్లబల్ల ఉంటే ఎంత బాగుండునని అతనికి తోచింది. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి అతడు రూపొందించిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటరు కోసం విడుదలయింది. ఆ తరువాత 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. అప్పటినుంచి నేటివరకు రూపురేఖలు ఎన్ని మారినా ఆ మూల భావన మారలేదు.

పటాల దుకాణంలో దీని ఉపయోగం ఇంతే: ఒక కాగితం మీద సరుకుల ధరలు, మరొక కాగితం మీద పటం కొలతలు. పొడవు, వెడల్పు, పట్టీ రకం, అద్దం రకం అని నాలుగు గడులు నింపితే మిగిలిన పని సూత్రాలు చేస్తాయి. పట్టీ ధర అడుగుకు 60 నుంచి 66 అయిందనుకోండి. ధరల కాగితంలో ఆ ఒక్క గడిని మారిస్తే, పైన చెప్పిన పటం అసలు ఖర్చు 750 నుంచి 792కు పెరిగినట్టు వెంటనే కనిపిస్తుంది. పాత ధరకే మాట ఇచ్చి, నెల తరువాత నాలుక కరుచుకోవలసిన అవసరం ఉండదు.

ఇంకొక ప్రయోజనం బేరంలో తెలుస్తుంది. “కొంచెం తగ్గించండి” అన్న మాటకు యజమాని చేతిలో సాధారణంగా రెండే జవాబులు ఉంటాయి: తగ్గించడం, తగ్గించకపోవడం. లెక్క కళ్లముందున్నవాడికి మూడో జవాబు దొరుకుతుంది. “అంగుళంన్నర పట్టీకి బదులు ముప్పావు అంగుళం పట్టీ వేస్తే ఇంత తగ్గుతుంది, అద్దం మాత్రం మంచిదే ఉంచుదాం” అని చెప్పగలుగుతాడు. వచ్చినవాడి కోరికా తీరుతుంది, దుకాణం ఖర్చూ గిట్టుబాటవుతుంది. తగ్గింపు అనేది మొహమాటం మీద కాక కొలత మీద నడుస్తుంది.

జ్ఞాపకానికి ఒక ఇల్లు

లెక్క వేయడం ఒక పని. గుర్తుంచుకోవడం మరొక పని. స్ప్రెడ్‌షీట్ మొదటిదానిలో సిద్ధహస్తురాలు. రెండవదానికి డేటాబేస్ కావాలి. పూర్వం వర్తకులు చిట్టా వేరు, ఆవర్జా వేరు ఉంచుకున్నది ఇందుకే. ఏ రోజు ఏమి జరిగిందో చిట్టా చెబుతుంది. ఎవరి ఖాతా ఎట్లా ఉన్నదో ఆవర్జా చెబుతుంది. రెండింటినీ ఒకే పుస్తకంలో కలగలిపి రాసినవాడు ఏదీ వెతుక్కోలేడు.

చాలా దుకాణాల్లో కంప్యూటరు వచ్చాక జరిగే పొరపాటు సరిగ్గా ఇదే. ఒకే పొడవాటి పట్టికలో గిరాకీదారుని పేరు, ఫోను నంబరు, చిరునామా, పటం కొలత, ధర, బాకీ, అన్నీ వరుసగా రాస్తారు. ఒక మనిషి మూడేళ్లలో పద్నాలుగు పటాలు కట్టించుకుంటే అతని పేరు పద్నాలుగుసార్లు, నాలుగు రకాల వర్ణక్రమాలతో ఉంటుంది. ఫోను నంబరు మారితే ఒకచోట దిద్దుతారు, పదమూడు చోట్ల మరచిపోతారు. ఆరునెలల తరువాత ఆ మనిషి ఒక్కడా, నలుగురా అన్నది పట్టికకే తెలియదు.

ఈ చిక్కుకు పరిష్కారం చెప్పినవాడు ఎడ్గార్ కాడ్. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో విమానం నడిపి, ఆపై ఐబీఎమ్ సంస్థలో గణితవేత్తగా పనిచేసిన ఆయన 1970లో ఒక వ్యాసం ప్రకటించాడు. సమాచారాన్ని విడివిడి పట్టికలుగా ఉంచాలి. ఒక పట్టికను మరొకదానితో కలిపే బంధం ఆ పట్టికల్లోని విలువలే కావాలి అన్నది అందులోని సారం. ఒకే సంగతిని పలుచోట్ల రాయడం వల్ల పుట్టే వైరుధ్యాలను తొలగించే పద్ధతిని కూడా ఆయనే తీర్చాడు. నేటి బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు, ఆసుపత్రులు వాడే డేటాబేసుల్లో అత్యధికం ఆ దారినే నడుస్తున్నాయి. 1981లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

బ్యాంకుకు పనికివచ్చిన ఆ సూత్రం పటాల దుకాణానికీ పనికివస్తుంది. ఇక్కడ నాలుగు పట్టికలు చాలు. మొదటిది మనుషులది: ప్రతి గిరాకీదారునికి ఒక సంఖ్య, పేరు, ఫోను. రెండవది పనులది: పని సంఖ్య, ఎవరిది, ఏమి తెచ్చారు, ఏ పట్టీ, ఎప్పటికి ఇవ్వాలి, ఇప్పుడు ఏ దశలో ఉంది. మూడవది సరుకులది: ఏ పట్టీ ఎన్ని అడుగులు ఉంది, ఎక్కడ కొన్నది, ఎంతకు. నాలుగవది చెల్లింపులది: ఏ పనికి, ఏ రోజు, ఎంత, నగదా, ఫోను ద్వారానా. మనిషి ఫోను నంబరు మనుషుల పట్టికలో ఒక్కచోటే ఉంటుంది. దిద్దితే అక్కడ దిద్దాలి, అంతటా దిద్దినట్టే.

ఇదంతా క్రమశిక్షణ కోసం క్రమశిక్షణ కాదు. పటాల దుకాణానికి వచ్చే వస్తువుల్లో కొన్నింటికి ఖరీదు కట్టలేము. ఇంటి పెద్ద కన్నుమూశాడు. ఉన్నది ఒక్కటే ఫొటో, యాభైయేళ్లనాటిది, ఒక మూల చిరిగి, తేమ మరక పడి ఉంది. పెద్దకర్మనాటికి చట్రంలో బిగించి ఇవ్వాలని కొడుకు కవరులో పెట్టి తెచ్చాడు. ఆ తేదీని వాయిదా వేయడానికి వీల్లేదు. ఆ ఫొటో మరో పది కవర్ల మధ్యన కలిసిపోయి కనిపించకపోతే, ఎంత సొమ్ము ఇచ్చినా దాన్ని తిరిగి తేలేము. ‘మీ నాన్నగారి ఫొటో పోయింది’ అన్న మాటను ఏ యజమానీ ఏ మనిషితోనూ అనవలసిన స్థితి రాకూడదు.

అందుకు చేయవలసింది చాలా చిన్న పని. వస్తువు బల్లమీదికి రాగానే పని సంఖ్య ఒకటి వేయాలి. ఆ సంఖ్యను ఫొటో మీద కాదు, దాన్ని ఉంచిన కవరు మీద రాయాలి. ఫొటో వెనుక కలంతో రాస్తే ముందుకు అచ్చు పడుతుంది. అదే సంఖ్య ఉన్న చీటీని ఇంటివారికి ఇవ్వాలి. ‘ఎడమ మూల చిరుగు, కింద మరక’ అని తెచ్చిననాటి స్థితిని పనుల పట్టికలో రాసి, ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచాలి. ఏ అరలో పెట్టినదీ రాయాలి. రేపు యజమాని జ్వరంతో పడుకున్నా, దుకాణంలో ఉన్న కుర్రవాడు ఆ కవరును నిమిషంలో తీయగలుగుతాడు. డేటాబేస్ చేసే మేలులో ఇదే ముఖ్యమైనది: ఒక మనిషి తలలో మాత్రమే ఉన్నదాన్ని అది దుకాణం మొత్తానికీ తెలిసేటట్టు చేస్తుంది.

బాకీల విషయంలోనూ అంతే. కర్మాగారాలు తరచుగా అరువు మీద పని చేయించుకుంటాయి. పనుల పట్టికనూ, చెల్లింపుల పట్టికనూ కలిపి చూస్తే ముప్పై రోజులు దాటిన బాకీలు ఏవో, అరవై దాటినవి ఏవో విడివిడిగా కనిపిస్తాయి. సూక్ష్మ, చిన్న సంస్థలు సరఫరా చేసిన సరుకుకు, ముందుగా రాసుకున్న ఒప్పందం ఉన్నా, 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదని 2006నాటి చట్టం చెబుతోంది. కాని ఆ రక్షణ కోరే చిన్న వర్తకుడు సరుకు ఏ తేదీన అప్పగించాడో, బిల్లు ఏ తేదీన ఇచ్చాడో చూపగలగాలి. గోడమీది పెన్సిలు గీత అందుకు సాక్ష్యం కాదు.

ముక్కల మోపు

మళ్లీ మూలనున్న 3 అడుగుల ముక్క దగ్గరికి రావాలి. దాని పొడవు 36 అంగుళాలు. 5 అంగుళాలకు 7 అంగుళాల చిన్న ఫొటో చుట్టుకొలత 24. ఎనిమిది వెడల్పులు 12. కూడితే సరిగ్గా 36. అంటే ఆ ముక్క ఒక చిన్న ఫొటోచట్రం. కాని ఆ సంగతి తెలియాలంటే అటువంటి ముక్క ఒకటి ఉన్నట్టు ముందు తెలియాలి. మోపులో వెతకడం కన్నా కొత్త కడ్డీ కోయడం తేలిక కనుక, చేయి సహజంగా కొత్త కడ్డీ వైపే పోతుంది.

సరుకుల పట్టికలో ముక్కలకూ చోటిస్తే ఈ అలవాటు మారుతుంది. అడుగు దాటిన ప్రతి ముక్కకూ రకం, వెడల్పు, పొడవు రాయాలి. చిన్న పటం పని వచ్చినప్పుడు కొత్త కడ్డీ తీయకముందు, ‘ఈ రకంలో 36 అంగుళాలకు తగ్గని ముక్కలేవి?’ అని పట్టికను అడగాలి. ఉన్నవాటిలో అతి చిన్నదాన్ని మొదట వాడాలి. ఒక కడ్డీలోంచి ఏ పటాలకు కలిపి కోస్తే తక్కువ మిగులుతుందో ముందే చూసుకునేందుకు, రోజువారీ పనులను పట్టీ రకం ప్రకారం ఒకచోట చేర్చి ఒకేసారి కోయడం ఇంకా మేలు.

ఇది చిల్లర విషయమని కొట్టివేయరాదు. ఇటువంటి ప్రశ్నలతో గొప్ప గణితవేత్తలు తలపడ్డారు. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంతొరొవిచ్ అనే యువ ఆచార్యునికి ప్లైవుడ్ పరిశ్రమవారు తమ యంత్రాల కేటాయింపు సమస్యను తెచ్చి ఇచ్చారు. ఉన్న వనరులతో ఎక్కువ ఫలం ఎట్లా రాబట్టాలన్న ఆ ప్రశ్ననుంచి ఆయన ఒక కొత్త గణిత పద్ధతిని తీశాడు. తక్కువ వృథాతో సరుకును ముక్కలుగా కోయడం కూడా దాని అన్వయాల్లో ఒకటి. 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతిని ఆయన కూప్‌మన్స్‌తో కలిసి అందుకున్నాడు. 1961లో గిల్మోర్, గొమోరీ అనే ఇద్దరు కోత సమస్యను పెద్ద కర్మాగారాలకు పనికివచ్చేటట్టు పరిష్కరించారు. కాగితపు చుట్టలకూ, ఇనుపకడ్డీలకూ వర్తించినదే ఫ్రేముపట్టీకీ వర్తిస్తుంది. చిన్న దుకాణానికి అంత గణితం అక్కరలేదు. ముక్క ఎంత పొడవో రాసి ఉంటే చాలు.

యంత్రాన్ని నమ్మవలసినంతే నమ్మాలి

ఇల్లు అలకగానే పండుగ కాదు. కంప్యూటరు తెరమీద అంకెలు చక్కగా వరుసలో నిలబడినంత మాత్రాన అవి నిజమని అనుకోరాదు. పట్టిక చేతికొచ్చినవారు మొదట నేర్చుకోవలసింది అనుమానించడమే.

పటాల దుకాణంలో ఒక చిత్రమైన ప్రమాదం ఉంది. కొలతను గడిలో 8-10 అని కొడితే, చాలా స్ప్రెడ్‌షీట్లు దాన్ని ఎనిమిదికి పది అంగుళాలుగా కాక ఒక తేదీగా మార్చివేస్తాయి. ఈ అలవాటు శాస్త్రజ్ఞులను కూడా ఇబ్బంది పెట్టింది. మానవ జన్యువుల్లో కొన్నింటికి సెప్ట్1, మార్చ్1 వంటి పొట్టిపేర్లుండేవి. స్ప్రెడ్‌షీట్ వాటిని సెప్టెంబరు, మార్చి నెలల తేదీలుగా మార్చి పరిశోధన పట్టికలను పాడుచేస్తుండేది. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం అటువంటి పేర్లనే మార్చింది. సెప్ట్1 సెప్టిన్1 అయింది. దుకాణానికి ఇంత అవస్థ అక్కరలేదు. పొడవుకు ఒక గడి, వెడల్పుకు వేరొక గడి పెడితే సమస్య తీరుతుంది. ఒక గడిలో ఒకే సంగతి అన్న నియమం ఇందుకే.

అదే 2020లో ఇంగ్లండులో ఇంకొక సంఘటన జరిగింది. కరోనా పరీక్షల ఫలితాలను చేరవేయడానికి వాడిన పాతరకం స్ప్రెడ్‌షీటులో 65,536 వరుసలకు మించి పట్టవు. సెప్టెంబరు 25కూ అక్టోబరు 2కూ మధ్య 15,841 మంది వ్యాధిగ్రస్తుల వివరాలు రోజువారీ లెక్కల్లోకి ఎక్కలేదు. వారితో కలిసి తిరిగినవారిని హెచ్చరించడం ఆలస్యమయింది. లెక్కవేసే సాధనాన్ని జ్ఞాపకపు గిడ్డంగిగా వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా గంభీరమైన నిదర్శనం అక్కరలేదు.

మరి మూడు జాగ్రత్తలు. పేర్ల వరుసను మాత్రమే అకారాది క్రమంలో పెట్టి, పక్కనున్న బాకీల వరుసను కదపకుండా వదిలితే ఒకరి బాకీ మరొకరి పేరున పడుతుంది; క్రమం మార్చేటప్పుడు పట్టిక మొత్తాన్నీ ఎన్నుకోవాలి. సూత్రాలున్న గడులకు తాళం వేయాలి. పొరపాటున ఎవరో అంకె కొడితే సూత్రం చెరిగిపోయి, ఆ గడి ఎప్పటికీ అదే అంకెను చూపిస్తుంది. ఇక రాసినదానికి నకలు రోజూ తీయాలి. ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో, ఒకటి ఊరికి దూరాన ఉండే కంప్యూటరులో. దొంగ వచ్చినా, వరద వచ్చినా, యంత్రం చెడినా ఏదో ఒకటి మిగలాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఈ విషయంలో అసలే కుదరదు.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం అబద్ధపు నమోదు. పొట్టుగా పోయిన పట్టీని రాయకపోవడం, పగిలిన అద్దాన్ని దాచడం, సొంత శ్రమకు కూలి వేసుకోకపోవడం. ఇవి పట్టికను ‘పైన పటారం, లోన లొటారం’ చేస్తాయి. ముఖ్యంగా చివరిది. చిన్న వర్తకులు చాలామంది తమ చేతికష్టాన్ని ఉచితంగా లెక్కగట్టి, దానినే లాభమని పిలుచుకుంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇదంతా పెద్ద సంస్థల వ్యవహారమని సందేహించేవారు మనదేశపు ఉదంతం ఒకటి తెలుసుకోవాలి. కర్మాగారాలకూ బట్టల మిల్లులకూ ముడిసరుకులు, యంత్రభాగాలు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకా అనే వ్యాపారికి తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ ఎక్కడా దొరకలేదు. గణితం చదివిన కుమారుడు భరత్ గోయెంకాను అటువంటిది తయారుచేయమన్నాడు. 1986లో బెంగుళూరులో అలా మొదలైనదే నేడు టాలీగా దేశమంతటా వర్తకులకు తెలిసిన లెక్కల సాధనం. 2020లో భరత్ గోయెంకాకు పద్మశ్రీ లభించింది. ఆ కథలో గమనించవలసింది ఒకటుంది: అవసరం ముందు పుట్టింది, యంత్రం తరువాత వచ్చింది. తనకు ఏ సంగతి తెలియాలో ఆ వ్యాపారికి ముందే తెలుసు.

పటాల దుకాణానికీ అదే వరుస. ఖరీదైన సరంజామా అక్కరలేదు. లిబ్రే ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో స్ప్రెడ్‌షీటూ ఉంది, డేటాబేసూ ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక బిల్లు రాయడం, 2016లో యూపీఐ వచ్చాక ఫోనులో సొమ్ము పుచ్చుకోవడం చిన్న దుకాణాలకు కూడా అలవాటయ్యాయి; కాబట్టి సగం సమాచారం ఇప్పటికే ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంది. కావలసింది దాన్ని ఒకచోటికి చేర్చే ఓపిక.

మొదటి వారం ధరల కాగితం ఒక్కటే తయారుచేస్తే చాలు. రెండవ వారం నుంచి కొత్తగా వచ్చే ప్రతి పనికీ సంఖ్య వేయాలి. పాతవాటి జోలికి పోనవసరం లేదు. మూడవ వారంలో ముక్కల మోపును కొలిచి రాయాలి. నెల గడిచాక ఒక సాయంత్రం కూర్చుని మూడు ప్రశ్నలు అడగాలి: ఏ పట్టీమీద మిగులుతోంది, ఏ పట్టీమీద పోతోంది, ఎవరి బాకీ పాతబడుతోంది? జవాబులు కొన్ని నొప్పి కలిగిస్తాయి. అందరికన్నా ఎక్కువ పని ఇచ్చే గిరాకీదారుడే అందరికన్నా ఎక్కువ నష్టం తెస్తున్నాడని తేలవచ్చు. అందంగా ఉందని గోడమీద ముందు వరుసలో వేలాడదీసిన పట్టీ ఏడాదిగా ఒక్కసారీ అమ్ముడుపోలేదని బయటపడవచ్చు. తెలిశాక ఏమి చేయాలన్నది యజమాని నిర్ణయం. తెలియకముందు ఆ నిర్ణయం ఆయన చేతిలో లేదు.

రెండేళ్లు ఇలా రాస్తే మరో లాభం కలుగుతుంది. విశ్వకర్మ పూజకు నిరుడు ఎన్ని పటాలు, ఏ కొలతవి అడిగారో పట్టిక చెబుతుంది. ఆగస్టులోనే ఆ మేరకు పట్టీ తెప్పించవచ్చు. సెప్టెంబరు 16 రాత్రి సరుకు అయిపోయిందని గిరాకీని పక్క దుకాణానికి పంపనక్కరలేదు.

పట్టిక చేయలేని పనులూ ఉన్నాయి. మూల దగ్గర రెండు పట్టీలు వెలుతురు దూరకుండా కలిసేలా కోయడం చేతి విద్య. పాత ఫొటోకు నల్లపట్టీ నప్పుతుందా, ముదురు గోధుమరంగు నప్పుతుందా అని చెప్పడం కంటి విద్య. కన్నవారి బొమ్మను చేతిలో పట్టుకుని నిలబడినవానితో ఎట్లా మాట్లాడాలన్నది మనసు విద్య. ఈ మూడింటినీ ఏ కంప్యూటరూ నేర్పదు. ఆ విద్యలున్నవాడు లెక్క తెలియక దుకాణం మూసుకోవలసిన దుస్థితి రాకుండా కాపాడటమే దాని పని.

చట్రం బొమ్మను అందంగా మార్చదు. దాన్ని నిటారుగా నిలబెట్టి, దుమ్ము పడకుండా, పదిమందికీ కనిపించేటట్టు చేస్తుంది. సరిగా గీసిన లెక్కల పట్టిక ఒక మనిషి శ్రమకు చేసేది కూడా అంతే.